పొరుగింటి పాట

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. చర్చిలో పాటకచేరీ పెట్టే పని వాళ్ళకు తగల్లేదు కాబట్టి ఆ రెండింటితో సరిపెట్టుకున్నారు గానీ, లేకపోతే మూడోది కూడా చేర్చి ఉండేవారే. ఇల్లు కడితే మేస్త్రీతో పేచీ. పెళ్ళి చేస్తే వియ్యాలవారితో పేచీ. చర్చిలో పాటల కార్యక్రమం, అదీ చర్చికి రానివాళ్ళను పిలిచి చేసే కార్యక్రమం అంటే, పేచీ పెట్టనివాళ్ళెవరో వెతుక్కోవాలి.

మా రామచంద్రపురంలో ఏటా డిసెంబరులో సెమీ క్రిస్మస్ చేసుకుంటాం. మావాళ్ళే పాడతారు, మావాళ్ళే వింటారు, మావాళ్ళే 'చాలా బాగుంది' అనుకుని, కేకు తిని ఇళ్ళకు పోతారు. నిరుడు నవంబరు నెలాఖరున ఆరాధన అయ్యాక అందరం కూర్చున్నప్పుడు, "ఈసారి బయటివాళ్ళను పిలుద్దాం" అన్నారు పాస్టరుగారు. అందరం తలలూపాం. తల ఊపడానికి ఖర్చేముంది? కార్యదర్శిగారు వెంటనే మినిట్స్ పుస్తకంలో రాసి చదివి వినిపించారు: "అన్యులను ఆహ్వానించి సంగీత కార్యక్రమము జరుపుటకు తీర్మానించడమైనది." బాధ్యత స్త్రీల సమాజానిదన్నారు. స్త్రీల సమాజం అంటే చివరికి నేనే అని మా సంఘంలో చిన్నపిల్లలక్కూడా తెలుసు.

'అన్యులు' అనే మాట మాకు కొత్త కాదు. చిన్నప్పట్నుంచీ ప్రార్థనల్లో వింటున్నదే. కానీ ఆవేళ ఇంటికొచ్చి గేటు తీస్తుంటే, పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసి "ఏమ్మా, ఇంత ఆలస్యమైంది? మీ ఆయనకు పులుసు పంపించాలే, అన్నం తినేశారు" అంది. ఇరవై రెండేళ్ళ నుంచీ ఆ గోడ మీంచి గిన్నెలు అటూ ఇటూ నడుస్తున్నాయి. మా అమ్మ పోయినప్పుడు మూడు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వకుండా రెండు పూటలా క్యారేజీ పంపిన మనిషి ఆవిడ. 'ఈవిడ అన్యురాలా?' అనిపించింది. అనిపించిన మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది.

మంచి సమరయుడి కథ మా ఆదివారపు బడి పిల్లలకు కంఠతా వచ్చు. దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ణి సొంతవాళ్ళు చూసీ చూడనట్టు దాటిపోతే, గుడి వేరైనవాడూ జాతి వేరైనవాడూ ఒకడు ఆగి గాయాలకు కట్టు కట్టాడు. పొరుగువాడెవరని అడిగిన ఒక పెద్దమనిషికి ప్రభువు చెప్పిన జవాబు ఆ కథ. అందులో అన్యుడు సాయం పుచ్చుకునేవాడు కాదు, చేసేవాడు. ఇది మేం ఎన్నిసార్లు చదివినా ఎందుకో చప్పున గుర్తుకు రాదు.

మరుసటి సమావేశంలో ఆహ్వానపత్రం మీద 'అన్యులు' వద్దు, 'ఇరుగుపొరుగు' అని వేద్దామన్నాను. ఒక సంఘపెద్దగారు కళ్ళద్దాలు సర్దుకుని, "మాట మారిస్తే అర్థం మారిపోతుందా అమ్మా?" అన్నారు.

"మారకపోతే మార్చడానికి మీకేం అభ్యంతరమండీ?" అన్నాను. స్త్రీల సమాజం కిసుక్కుమంది. మాట మారింది.

ఇక తేదీ. డిసెంబరు పదహారు ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. తెల్లవారుజామున గుళ్ళో మైకులో తిరుప్పావై, వీధిలో హరిదాసు, వాకిట్లో ముగ్గులు. అదే వీధిలో రాత్రిళ్ళు మా కేరల్స్ బృందం, ఇళ్ళ మీద కాగితం నక్షత్రాలు. ఈ రెండూ ఒకే నెలలో, ఒకే సందులో, ఒకే మైకుసెట్టువాడి దయ మీద జరుగుతాయి. అతను ఏ దేవుడికీ అన్యాయం చెయ్యడు. "గుడికి పొద్దున్న, మీకు సాయంత్రం అండీ, ఆయ్" అని తేల్చేశాడు. క్రిస్మస్ ముందటి శనివారం సాయంత్రం ఖాయమైంది.

చర్చి లోపలా, బయటా అన్నది తర్వాతి పేచీ. లోపలే జరగాలి, దేవుడి పాట దేవుడి మందిరంలోనే పాడాలి అన్నారు కొందరు. లోపల పెడితే మెట్లెక్కడానికే మొహమాటపడతారు, ఆవరణలో షామియానా వేద్దామన్నాం మేము. పాస్టరుగారు హాండెల్ సంగతి చెప్పారు. ఇప్పుడు ప్రపంచమంతా క్రిస్మస్‌కు పాడుకునే ఆయన 'మెస్సయ్య' మొదటిసారి వినిపించింది చర్చిలో కాదట. 1742 ఏప్రిల్‌లో డబ్లిన్ నగరంలో ఒక సంగీతశాలలో. జనం కిక్కిరుస్తారని, ఆడవాళ్ళు గౌన్ల కింద గుండ్రటి కమ్మీలు పెట్టుకు రావద్దనీ, మగవాళ్ళు కత్తులు కట్టుకు రావద్దనీ ముందే విన్నవించుకున్నారట. వచ్చిన డబ్బులో కొంత అప్పులు తీర్చలేక జైల్లో పడ్డవాళ్ళ బాకీలకు కడితే 142 మంది ఇళ్ళకు చేరారు. మరుసటేడు లండన్‌లో నాటకశాలలో పెడితే మాత్రం, పవిత్రమైన మాటలు అలాంటి చోట పాడటమేమిటని గొడవ చేశారు. అంటే ఈ పేచీకి దగ్గర దగ్గర మూడు వందల ఏళ్ళన్నమాట! మనమేదో కొత్తగా కనిపెట్టామనుకున్నాం. షామియానా పాసైంది.

వాయిద్యాల దగ్గర యవ్వనస్తులకూ పెద్దలకూ తగువు. పిల్లలకు గిటారు, కీబోర్డు కావాలి. పెద్దలకు హార్మనీ పెట్టె, తబలా. "గిటారు సినిమా వాయిద్యం, హార్మనీ మనది" అన్నారు పెద్దలు. నాకు నవ్వొచ్చింది. హార్మోనియం 1840ల్లో పారిస్‌లో పుట్టింది. అది మనది కాదనే కదా, మన ఆకాశవాణివాళ్ళు 1940 నుంచి 1971 దాకా దాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు! ఇక గిటారు సంగతి. 'సైలెంట్ నైట్' పాటను 1818 క్రిస్మస్ ముందటి రాత్రి ఆస్ట్రియాలో ఒక చిన్న ఊరి చర్చిలో మొదటిసారి పాడింది గిటారు మీదే. ఈ రెండు సంగతులూ చెప్పేసరికి, పెద్దలు గిటారును ఒప్పుకున్నారు, పిల్లలు హార్మనీని ఒప్పుకున్నారు. చరిత్రలో ఉన్న సుఖం అదే. అందరినీ సమానంగా నోరు మూయిస్తుంది.

ఏం పాడాలన్నది అసలు విషయం. కొత్త పాటలు ట్రాకులతో సహా సెల్‌ఫోన్లో దొరుకుతున్నాయి. కానీ మా కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. ప్రతి కీర్తన నెత్తినా రాగం, తాళం పేర్లుంటాయి. శంకరాభరణం, బిలహరి, తోడి. వాటిలో ఎన్నో రాసినాయన పురుషోత్తమ చౌదరిగారు. 1803లో పుట్టి 1890 దాకా బతికారు. బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం, 1833లో బాప్తిస్మం. రాసింది మాత్రం మన తెలుగులో, మన రాగాల్లో. కెనడా బాప్టిస్టు మిషనువాళ్ళు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టి, ఆ తర్వాతెప్పుడో మా రామచంద్రపురం దాకా వచ్చి, కుష్ఠురోగులకు ఆశ్రమం నడిపారు. వాళ్ళు కాకినాడలో దిగేనాటికే తెలుగు కీర్తన ఇక్కడుంది. క్రైస్తవమంటే తెల్లదొరల పాట అనుకునేవాళ్ళకు ఈ ఒక్క సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు. రాజమండ్రి దగ్గరి జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారి కీర్తనలైతే సరేసరి. పొలం గట్టు మీద కూడా పాడుకుంటారు.

సాయంత్రం పూట మా వరండాలో రిహార్సలు. నాలుగో రోజున గోడ అవతల్నుంచి పిన్నిగారి గొంతు: "అమ్మాయ్, ఆ బిలహరిలో మూడో పంక్తి మీవాళ్ళు జారవిడుస్తున్నారు. అక్కడ స్వరం అలా వదిలెయ్యకూడదు." చిన్నతనంలో కాకినాడలో ఏడేళ్ళు సంగీతం నేర్చుకున్న మనిషి. గోడ అవతల పీట వేసుకుని రోజూ వింటోందన్నమాట!

"మా పాట మీకెలా తెలుసు పిన్నిగారూ?"

"పాట తెలీదు. రాగం తెలుసు. రాగానికి గుళ్ళూ చర్చిలూ ఏమిటే? దీక్షితులవారు ఇంగ్లీషు బ్యాండు మెట్లకు సంస్కృతం కూర్చలేదూ? వాళ్ళ రాజుగారి పాట మెట్టుక్కూడా కూర్చారు. మెట్టు వాళ్ళది, మాట మనది. మీది మెట్టు మనది, మాట మీది. అంతే తేడా."

మర్నాటి నుంచి ఆవిడ పీట గోడ ఇవతలకి వచ్చింది.

కార్డు ఇచ్చినప్పుడు మాత్రం ఆవిడ వెంటనే వస్తాననలేదు. కార్డు అటూ ఇటూ తిప్పి, గొంతు తగ్గించి, "బొట్టుతో వస్తే మీవాళ్ళేమన్నా అనుకుంటారా?" అంది.

ఏం చెప్పను? ఆ ప్రశ్న ఇరవై రెండేళ్ళు మా ఇద్దరి మధ్యా ఉంది, ఎవరమూ అడగలేదు. మా ఇళ్ళల్లో బొట్టు పెట్టుకోరు, కొందరు పూలు కూడా పెట్టుకోరు. పేరంటంలో నన్ను చూడగానే ఎదుటివాళ్ళ కళ్ళు ముందు నా నుదుటి మీదికే పోతాయి. మా చర్చిలో ఎవరైనా బొట్టుతో వస్తే మావాళ్ళ కళ్ళూ అక్కడికే పోతాయి. కళ్ళకు మతం నేర్పినంత తేలిగ్గా మర్యాద నేర్పలేం కాబోలు.

"మీరు మీలాగే రండి. ఎవరైనా ఏమన్నా అంటే నాకు చెప్పండి" అన్నాను. స్త్రీల సమాజంలో కూడా అదే చెప్పాను. వచ్చినవాళ్ళ నుదురు చూడకండి, మొహం చూడండి, కుర్చీ చూపించండి.

ఫలహారం గురించి కూడా మేమే ఆలోచించాం, మగవాళ్ళకు ఆ గొడవ పట్టదు కదా. కేకులో గుడ్డుంటుంది, తినని ఇళ్ళున్నాయి. అడగలేరు, తినలేరు, చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూస్తూ నిలబడతారు. అందుకని తాపేశ్వరం కాజాలు, కారబ్బూందీ, కాఫీ. ఇంకో చిక్కుంది. ప్రార్థన చేసి పెడితే కొందరికి అది ప్రసాదం కిందికి వస్తుంది, తినాలా వద్దా అని బాధ. అందుకే వచ్చినవాళ్ళకు వచ్చినట్టు, కార్యక్రమానికి ముందే పెట్టేయాలనుకున్నాం. తిన్నవాళ్ళు పాట నచ్చకపోతే లేచిపోవచ్చు. కాజాలకు బదులుగా కూర్చోనక్కర్లేదు.

చివరి పేచీ అన్నిటికన్నా పెద్దది. వాక్యం. "అంతమందిని పిలిచి ఊరికే పంపిస్తామా? గంటసేపు వాక్యం చెప్పాలి" అని ఒకరు. "అసలు చెప్పొద్దు, ముందు పాటలకు అలవాటు చేసి, తర్వాత నెమ్మదిగా చెప్పొచ్చు" అని ఇంకొకరు. నిజం చెప్పొద్దూ, నాకు గంటసేపు వాక్యం కన్నా ఆ 'నెమ్మదిగా'యే ఎక్కువ భయం వేసింది.

నా ప్రభువు సంగతి పిన్నిగారికి తెలిస్తే బాగుండునని నాకుంటుంది. లేదంటే అబద్ధమే. బాబాయిగారికి నాకు గీత చెప్పాలని ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను. అందులో తప్పేముంది? తనకు మంచిదనిపించింది పక్కవాళ్ళకు పెట్టాలనుకోవడం మన వంటింట్లోనే ఉంది. కానీ పులుసు గిన్నెలో పెట్టి, మూత తీసి చూపించి ఇస్తాం. అన్నం కింద దాచి పెట్టం. ఆ మాటే అన్నాను. "చేపలు పట్టే శిష్యులను ప్రభువు పిలిచినప్పుడు వాళ్ళ చేతుల్లో ఉన్నది వలండీ, ఎర గుచ్చిన గాలం కాదు" అన్నాను. పాస్టరుగారు నవ్వి, కార్డు మీద వేయించాల్సింది ఆయనే చెప్పి రాయించారు: క్రిస్మస్ పాటలు, పద్యాలు. మధ్యలో పాస్టరుగారు పది నిమిషాలు క్రిస్మస్ గురించి మాట్లాడతారు. ఆరున్నరకు మొదలు, ఎనిమిదిన్నరకు ముగింపు. కానుకలు పట్టరు.

పద్యాలు ఎవరివంటే, జాషువాగారి 'క్రీస్తు చరిత్ర'. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన కావ్యం. మా గోదావరి జిల్లాల్లో పద్యమంటే చెవి కోసుకుంటారు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చేసరికి జాషువాగారి 'శ్మశానవాటి' పద్యాలు పడాల్సిందే. మా బాబాయిగారు రిటైరయ్యాక కూడా ఊళ్ళో హరిశ్చంద్రుడు కట్టిన మనిషి. స్నానాల గదిలోంచి రోజూ మాకు ఆ పద్యాలు ఉచితం. "బాబాయిగారూ, ఆ జాషువాగారివే ఇంకో పది పద్యాలు, మా షామియానాలో పాడాలి" అని అడిగాను. ఆయన పుస్తకం తీసుకుని రెండు రోజులు కనిపించలేదు. మూడో రోజున స్నానాల గదిలో కాటిసీను పోయి బెత్లెహేము వచ్చింది.

"బొట్టు పెట్టుకున్నాయన మన స్టేజీ ఎక్కి ప్రభువును పాడటమా?" అన్నారు ఇందాకటి కళ్ళద్దాల పెద్దగారు. పాస్టరుగారు మాత్రం, "పాడితే ఆయనకేమవుతుందో వాళ్ళింట్లో వాళ్ళు భయపడాలి గానీ, మనకేం భయం?" అన్నారు. నాకు ఆ పూటే ఒక సంగతి తెలిసింది. వినడానికి పిలిస్తే మనిషి ఆలోచిస్తాడు. పాడటానికి పిలిస్తే ఇంటిల్లిపాదీ వస్తారు. బాబాయిగారు పాడుతున్నారని ఆయన నాటకం స్నేహితులు, వాళ్ళ ఇల్లాళ్ళు, మనవలు అందరూ బయల్దేరారు. పిలుపు అంటే మన దగ్గరున్నది ఇవ్వడమే అనుకుంటాం. వాళ్ళ దగ్గరున్నది అడగడం కూడా పిలుపే.

ఆ సాయంత్రం సంగతి పెద్దగా చెప్పుకోవడానికి లేదు. కాజాలు సరిపోయాయి. పాస్టరుగారు పది నిమిషాలని పద్నాలుగు మాట్లాడారు, పాస్టర్లలో అది ఉపవాసంతో సమానం. మూడో కీర్తన మధ్యలో కరెంటు పోయింది. కీబోర్డు నోరు పడిపోయింది, మైకు మూగబోయింది, నక్షత్రాలు ఆరిపోయాయి. హార్మనీ మాత్రం ఆగలేదు. దాని పక్కన గిటారు కూడా ఆగలేదు. చీకట్లో పిల్లల గొంతులు తడబడుతుంటే, ముందు వరసలోంచి ఒక గొంతు స్వరం వదలకుండా అందుకుంది. మూడు వారాలు గోడవతలా ఇవతలా పీటేసుకుని విన్న గొంతు. కరెంటు వచ్చేసరికి పిన్నిగారు కళ్ళు మూసుకుని తాళం వేస్తోంది, నుదుటి మీద బొట్టు కాసంత. పక్క కుర్చీలో మా స్త్రీల సమాజం కోశాధికారిగారు ఆవిడ తాళం చూసి తన తాళం దిద్దుకుంటోంది.

ఆ తర్వాత బాబాయిగారు. జరీ అంచు కండువా, చెవి దగ్గర చెయ్యి, రాగం తీసి తీసి ఒక పద్యం ముగించేసరికి, షామియానా చివర్నుంచి "వన్స్ మోర్!" అని ఒక కేక. నాటకాల్లో తప్ప మా ఆవరణలో ఎన్నడూ వినిపించని మాట. తిరిగి చూస్తే కళ్ళద్దాల పెద్దగారు నిలబడి ఉన్నారు! కూర్చున్నాక సిగ్గుపడి, "స్తోత్రం" అని కలిపారు.

మరుసటి సమావేశంలో లెక్కలు. షామియానా ఇంత, మైకు ఇంత, కాజాలు ఇంత. "ఫలితం ఏమిటి? ఎంతమంది తీర్మానం తీసుకున్నారు?" అని ఒకాయన అడిగారు. ఎవరూ తీసుకోలేదు. మా పిన్నిగారు మర్నాడు తెల్లవారకట్ల ఎప్పట్లాగే ముగ్గు వేసి గుడికి వెళ్ళింది. ఫలితం ఇదీ అని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. విత్తనం వేసినవాడికి మొలక లెక్క చెప్పమనడం ఏమిటో! మా డెల్టాలో రైతుకు కూడా నారు పోశాక కొన్నాళ్ళు వదిలిపెడతారు. అదీగాక, ఏది మొలవాలో, ఎవరి మడిలో మొలవాలో నిర్ణయించేది నేను కాదని నమ్మినప్పుడే కదా నేను విశ్వాసిని. కార్యదర్శిగారు మాత్రం పుస్తకంలో ఇలా రాశారు: "ఇరుగుపొరుగు వారు 62 మంది హాజరైరి." అన్యులన్న మాట ఎక్కడా లేదు. ఆయన్నెవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

సంక్రాంతికి పిన్నిగారింట్లో బొమ్మల కొలువు. ఎప్పుడూ గోడ మీంచే శనగలు, పండు ఇచ్చేది. ఈసారి గేటు తీసుకుని పిలవడానికి వచ్చింది. "నువ్వొచ్చి బొమ్మల ముందు ఒక పాట పాడాలి. మీ పాటే. బిలహరిలోది."

మావాళ్ళేమంటారో నాకు తెలుసు. కొలువులో దేవుళ్ళ బొమ్మలుంటాయి, నువ్వెందుకు వెళ్ళావంటారు. వాళ్ళవాళ్ళేమంటారో ఆవిడకూ తెలిసే ఉంటుంది. గుమ్మంలో ఇద్దరం ఒక నిమిషం మాట్లాడకుండా నిలబడ్డాం. ఆవిడ నా మొహంకేసి చూసి, నేను డిసెంబరులో చెప్పిన మాటే నాకు అప్పజెప్పింది.

"నువ్వు నీలాగే రా. బొట్టు గిన్నె నీ దగ్గరికి తేను."

పొరుగింటి పుల్లకూర రుచెక్కువ అంటారు. రుచి కూరలో ఉండదనుకుంటాను, గోడ మీంచి అందించే చేతిలో ఉంటుంది. వెళ్ళాను. పాడాను. మూడో పంక్తి జారవిడవలేదు.